ఊపిరి గొట్టంలో పాచి

చిలకలూరిపేటలో ఏ ఇంటి నీళ్ళతొట్టినైనా పదిరోజులు తోమక విడిచిపెట్టినచో లోపలి గోడకు జారుడు పాచి పడుతుంది. ఎన్ని బిందెల నీళ్ళు గుమ్మరించినా అది వదలదు; పీచు పట్టి తోమవలసినదే. ఆసుపత్రులలో వైద్యులకు ఎదురైన ఒక పెద్ద చిక్కు కూడ ఇటువంటిదే.

పాచి అనగా సూక్ష్మజీవులు జిగురుతో కట్టుకొన్న ఇల్లు. హాలండు దేశస్థుడైన లీవెన్‌హుక్ తన పళ్ళపాచిని సూక్ష్మదర్శినితో పరీక్షించి, అందులో కదలాడే జీవులను చూచినాడు. వెనిగరుతో పళ్ళు కడిగినా పాచి పైభాగాన ఉన్న జీవులే చచ్చినవనీ, మందు లోపలికి దిగలేదనీ 1684లో అచ్చయిన లేఖలో వ్రాసినాడు. ఈ మాట విలువ పూర్తిగా తెలియడానికి సుమారు మూడువందల ఏండ్లు పట్టినది.

ఈలోగా 1928లో ఫ్లెమింగు పెన్సిలిన్‌ను కనుగొన్నాడు. 1948లో టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ వెలువడినది. దానిని డగ్గర్ కనుగొన్న లెడర్లీ సంస్థలో పరిశోధనలను నడిపినవాడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఇటువంటి మందుల బలాన్ని ప్రయోగశాలలలో సాధారణంగా ద్రవంలో విడివిడిగా ఈదే సూక్ష్మజీవులపై పరీక్షిస్తారు.

1952లో కోపెన్‌హేగన్ నగరంలో పోలియో చెలరేగినది. ఇబ్సెన్ అనే వైద్యుడు రోగి గొంతుకు రంధ్రంచేసి, శ్వాసనాళంలోనికి గొట్టం దించి, చేతితో సంచి నొక్కుతూ ఊపిరాడించే పద్ధతిని ప్రవేశపెట్టినాడు. వైద్యవిద్యార్థులు వంతులవారీగా రేయింబవళ్ళు సంచులు నొక్కినారు. ఎన్నో ప్రాణాలు నిలిచినవి.

కాని ఆ గొట్టం కూడ తొట్టిగోడ వంటిదే. నోటిలోని సూక్ష్మజీవులు దానికంటుకొని పాచి కడతవి. 1986లో అమెరికా వైద్యులు రోగులనుండి తీసిన 25 గొట్టాలను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూడగా 21 గొట్టాలు పూర్తిగా పాచితో కప్పబడివున్నవి. ఆ పాచి తునకలు ఊపిరితిత్తులలోనికి జారినచో న్యుమోనియా రావచ్చును.

మందు అక్కడ ఏల ఓడిపోతున్నది? గొట్టానికి రక్తనాళాలు లేవు. రక్తంలో కలిసిన మందు దానిని చేరుట కష్టం. జిగురు కొన్ని మందులను అడ్డగిస్తుంది. లోపలి పొరలలో ఆహారం, ప్రాణవాయువు తక్కువై జీవులు మందగించి వుంటవి. పెన్సిలిన్ తన కణకుడ్యాన్ని కట్టుకొంటూ పెరిగే జీవినే చంపుతుంది. పెరుగుదల ఆగినదానిని చంపలేదు. ఇట్లు కొన్ని జీవులు మిగిలిపోవుటను 1944లోనే జోసెఫ్ బిగ్గర్ గుర్తించినాడు.

కనుక మోతాదు పెంచినంత మాత్రాన గెలుపు రాదు. మందును అతిగా వాడినచో దానికి లొంగని జీవులే మిగిలి వృద్ధిపొందుతవి. గొట్టాన్ని అవసరమైనన్ని రోజులే ఉంచుట, రోగి తలను ఎత్తుగా పెట్టుట, నోటిని శుభ్రంగా ఉంచుట—ఇవి మందుకు తోడుగా నిలిచే పనులు. తొట్టి తోమే గృహిణి ఎరిగిన సంగతే ఇది: పాచిని పేరుకొననీయక ముందే జాగ్రత్తపడవలెను.