ప్రార్థనకు ముందు

ఒంగోలు పట్టణమున ఒక చిన్న కొండ కలదు. దానిని ప్రార్థన కొండ యందురు. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున అమెరికను బాప్టిస్టు మిషనరీ లైమన్ జ్యూవెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు క్రైస్తవులు, మొత్తము ఐదుగురు, ఆ కొండ నెక్కిరి. కీర్తన పాడి, యెషయా గ్రంథమున 52వ అధ్యాయము చదివి, ఒకరి తరువాత ఒకరు ప్రార్థించిరి. కొండలమీద శుభవార్త తెచ్చువాని పాదములను కొనియాడు అధ్యాయ మది. రాళ్ళమీదుగా నడచి వచ్చిన ఆ ఐదుగురికి ఆ మాట ఎంత దగ్గరగా తోచి యుండునో!

ఈ కథ ప్రసిద్ధమే. అయితే ప్రార్థనకు దేహమును, మనస్సును ఆయత్తపరచు విద్య ఆనాడే ఈ సీమకు వచ్చినదని తలచుట పొరపాటని మా అభిప్రాయము.

1866లో బాప్తిస్మము పొందిన ఎర్రగుంట్ల పేరయ్యగారి జీవితమే ఇందుకు సాక్ష్యము. ఆయన మాదిగ కులమున పుట్టిన వారు. క్రైస్తవుడు కాకమునుపే రాజయోగము నభ్యసించిరి. ఆయనకు దానిని నేర్పినది వీరమ్మ అను స్త్రీ. ఊరిబావి చేరనీయని కాలమున ఈ విద్య మాదిగవాడ చేరగలిగినది! కదలక కూర్చుండుట, కన్నులు మూయుట, ఊపిరిని అదుపున నుంచుట, లోపలనున్న పరమాత్మను వెదకుట: ఇవి ఆయనకు వెనుకటినుండి అలవడినవి. ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారి భార్య ఎమ్మా, వృద్ధులైన బోధకులు చెప్పగా విని, 1899లో ప్రకటించిన గ్రంథమున ఈ వృత్తాంతము కలదు. ముందుగా క్రైస్తవులైన వారిలో పలువురు అంతకుముందే దైవమును వెదకుచుండిన వారని క్లౌ దొరయు గుర్తించెను. పేరయ్యగారికి ప్రార్థన చేయవలసిన దేవుని పేరు క్రొత్తది. నిశ్చలముగా కూర్చుండుట క్రొత్తది కాదు.

రేడియోలో పనిచేయు మాకు ఈ నిశ్చలత కొంత తెలియును. ఎఱ్ఱదీపము వెలుగకముందు నోరు మూసికొని కూర్చున్న క్షణమే ఆ పిమ్మటి మాటను నిలబెట్టును.

మనస్సు సంగతి అట్లుండగా, దేహమును సిద్ధపరచుటకు వెల ఎక్కువ. క్లౌ దొర మూడు నియమములు పెట్టెను: ఆదివారము పని చేయరాదు, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములను పూజింపరాదు. వినుటకు ఇవి చిన్న మాటలు. కాని నల్లరేగడి చేలలో పత్తి తీయు దినములలో ఒక్కనాడు కూలి మానుట యనగా రైతుతో తగవు పెట్టుకొనుటయే. చచ్చిన పశువు తోలు తీసి, చెప్పులు కుట్టి, మోటలకు తోలుసంచులు చేసి యిచ్చి, కళ్ళము దగ్గర గింజలు పుచ్చుకొనుట వారి బ్రతుకు. ఆ మాంసము ముట్టమనినచో తరతరాల ఏర్పాటే కదలిపోవును. ఆకలిగొన్న పిల్లలున్న ఇంటిలో ఈ నియమమును నిలుపుకొనుటకంటె కొండ నెక్కుట సులభము.

అటుపిమ్మట 1876–78 కరవు వచ్చెను. క్లౌ దొర బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు పుచ్చుకొని వేలమందికి పని కల్పించెను. పనివారిలో అనేకులు బాప్తిస్మము కోరగా, అన్నముకొరకు వచ్చిరన్న మాట పడకుండ పదునైదు నెలలు ఎవరికిని ఈయలేదు. బాప్తిస్మము కొరకు నిరీక్షింపజేయుటయు ఒక సిద్ధపాటే. కాని ఆకలితో నున్నవారిని అంతకాలము నిలిపియుంచుట న్యాయమా యని మాకు సందేహము కలుగకపోలేదు.

కరవు సాయము ముగిసిన తరువాత, 1878 జూలై 3వ తేదీన, ఒంగోలు చేరువనున్న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మ మియ్యబడెను. ఉదయము మొదలిడి, మధ్యాహ్నము కొంత విశ్రమించి, సాయంకాలమువరకు సాగినది. నీటిలో దిగి ఆ పని చేసినవారు ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరుగా వంతులు మార్చుకొనిరి. క్లౌ దొర ఒడ్డున నిలిచి యుండెను.