పులికాటు గట్టున సర్కారు నేల

సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి దాటి తూర్పుగా పోయే రోడ్డు కొంతదూరం పొలాల నడుమ సాగి, ఉన్నట్టుండి నీళ్లలోకి దిగినట్లు కనబడుతుంది. ఇరుప్రక్కలా పులికాటు సరస్సు. తీరవాసులు దీనిని ప్రళయ కావేరి అంటారు. పేరు వింటే భయం పుట్టవచ్చును గాని, సరస్సు సగటు లోతు ఒక మీటరే. నిలువెత్తు మనిషి చాలచోట్ల కాలినడకన పోగలడు. పొడవు మాత్రం సుమారు 60 కిలోమీటర్లు. భారతదేశంలో చిలక తర్వాత ఇంత పెద్ద ఉప్పుటేరు సరస్సు మరొకటి లేదు. దీని అధికభాగం ఆంధ్రప్రదేశ్‌లోను, దక్షిణపు కొస తమిళనాడులోను ఉన్నవి. చిరకాలం నెల్లూరు జిల్లాలో ఉండిన ఈ ఉత్తరభాగం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది.

ఈ సరస్సు గట్టున, దీవులలో, దాపున ఉన్న చెరువులలో ప్రభుత్వానికి చెందిన నేల చాల ఉన్నది. ఊళ్లకు దూరంగా, సేద్యానికి అంతగా పనికిరాని నేల. అటువంటి నేలను ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు రెండువందల సంవత్సరాలలో మూడు రకాల సమాధానాలు వచ్చినవి. ఒకరు కట్టెలు కావాలన్నారు, ఒకరు పక్షులను కాపాడాలన్నారు, మరొకరు జనానికి చూపాలన్నారు. ప్రతి సమాధానం వెనుకా ఎవరికో ఒకరికి దారి మూసుకుపోయినది. ఈ చరిత్రలో గమనింపవలసిన సంగతి అదే.

ముందుగా సరస్సు స్వభావం కొంచెం తెలియాలి. దక్షిణాన ఆరణి నది, పడమట కాళంగి దీనిలోకి మంచినీరు తెస్తవి. తూర్పున ఇసుకదిబ్బలను చీల్చుకొని వచ్చే ముఖద్వారాలగుండా సముద్రపు నీరు వస్తుంది. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనం కురిసినపుడు నీరు దాదాపు తియ్యనగును. ఎండలు ముదిరేసరికి ఆవిరి పోగా మిగిలిన నీరు సముద్రంకన్న ఉప్పన. ఒకే సరస్సు ఏడాదిలో ఇన్ని రుచులు మారుటవలన దానిలో బ్రతికే రొయ్యలు, పీతలు, చేపలు, నాచులు కూడ అనేకం. మేత ఉన్నచోటికి మేసేవారు రాకుండా ఉండరు గదా.

మనుష్యులు పక్షులకన్న ఏమీ తీసిపోలేదు. 17వ శతాబ్ది తొలి సంవత్సరాలలో డచ్చివారు దక్షిణపు కొసన పులికాటు రేవులో కోట కట్టి, కోరమండల తీరపు అద్దకపు బట్టలు కొని తూర్పు ద్వీపాలకు పంపినారు. ఆ బట్టల ఎరుపునకు మూలం చిరివేరు. అది ఇసుకనేలలో పెరిగే చిన్నమొక్క వేరు. సరస్సుకు, సముద్రానికి నడుమ కదురువలె సాగిన శ్రీహరికోట దీవిలో ఆ వేరును త్రవ్వి తెచ్చినవారు యానాదులు. అడవిలో తేనె, దుంపలు, మూలికలు ఎక్కడ దొరకునో వారికి తెలిసినట్లు మరెవరికీ తెలియదు. 1835లో శ్రీహరికోట కంపెనీ ప్రభుత్వపు ప్రత్యక్ష పాలన కిందికి వచ్చినది. అటుపై అడవి సరకు సర్కారుకు అప్పగించి, బదులుగా ధాన్యం పుచ్చుకొనుట యానాదులకు రివాజయినది. తరతరాలుగా తమదైన అడవిలో వారు కూలివారైనారన్నమాట.

సర్కారుకు ఈ దీవిమీద ఇంత ఆసక్తి కలుగుటకు కారణం వేరొక చోట, మదరాసు వంటయిళ్లలో ఉన్నది. పెరుగుతున్న పట్నానికి వంటచెరకు కావాలి. కట్టెలు బండ్లమీద తేవడం ఖర్చుతో కూడిన పని. నీటిదారి ఉంటే చౌక. 1806లో మదరాసునుండి ఎన్నూరు వరకు త్రవ్విన కాలువ క్రమంగా ఉత్తరానికి సాగి పులికాటును కలిపినది. 1877–78 నాటి మహాక్షామంలో కరువుపనులుగా మరింత త్రవ్వించి, అప్పటి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దానికి పెట్టినారు. ఆకలితో ఉన్న జనం త్రవ్విన కాలువకు గవర్నరు పేరు మిగిలినది! ఆ కాలువలో ఉప్పు, ధాన్యం, కట్టెలు నింపుకొని పడవలు మదరాసుకు సాగినవి. శ్రీహరికోట అడవి కట్టెలై పట్నం పొయ్యిలలో కాలినది.

1882లో మదరాసు అటవీచట్టం వచ్చినది. రిజర్వు అడవులని హద్దులు గీసి, ఎవరు నరకవచ్చునో, ఎవరి పశువులు మేయవచ్చునో నిర్ణయించుట ఆ చట్టంతో పూర్తిగా ప్రభుత్వపు పనియైనది. సహజారణ్యం పలుచబడిన చోట్ల సరుగుడు నాటడం తీరమంతటా వ్యాపించినది. సరుగుడు మన దేశపు తూర్పుతీరానికి పరాయి చెట్టు. ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాలు దాని పుట్టిల్లు. వట్టి ఇసుకలో అంత వేగంగా ఎట్లు పెరుగుతుందన్న అనుమానం విద్యార్థులకు కలుగవచ్చును. దాని వేళ్ల బుడిపెలలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి కాపురముండి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది. చిక్కుడుజాతి మొక్కలకు రైజోబియం చేసే ఉపకారమే ఇది. కొద్ది సంవత్సరాలలో కోతకు వచ్చే సరుగుడు, దానికి తోడు జామాయిలు శ్రీహరికోటలో తోపులుగా లేచినవి. అయితే సరుగుడు తోపు అడవి కాదు. నేలమీద దట్టంగా రాలిన దాని పుల్లల క్రింద ఇతర మొక్కలు పెరగడం కష్టం. నేరేడు, పాల వంటి చెట్లతో పొదలతో నిండిన తీరపు పొడి సతతహరితారణ్యం వేరు. అటువంటి అడవి కోరమండల తీరాన ఇప్పుడు చిన్నచిన్న తునకలుగా మాత్రమే కనబడుతుంది.

శ్రీహరికోటలో ఆ అడవి పెద్దయెత్తున మిగులుటకు కారణం అటవీశాస్త్రం కాదు, రాకెట్టు. 1960 దశకపు చివర విక్రం సారాభాయి సహచరుడు ఏక్‌నాథ్ చిట్నిస్ తూర్పుతీరం వెంట స్థలాన్వేషణ జరిపినారు. భూమి తనచుట్టు తాను పడమటనుండి తూర్పునకు తిరుగుతున్నది. తూర్పుగా వదలిన రాకెట్టుకు ఆ వేగం కలిసివస్తుంది. శ్రీహరికోట అక్షాంశంలో అది సెకనుకు సుమారు 450 మీటర్లు. తూర్పున సముద్రం, పడమట సరస్సు, చుట్టూ జనసమ్మర్దం లేదు. కట్టెలకొరకు ప్రభుత్వం చేతిలో ఉంచుకొన్న దీవి ఇందుకు చక్కగా సరిపోయినది. 1969 నాటికి ఎంపిక పూర్తయి, దాదాపు 43,000 ఎకరాలు అంతరిక్షసంస్థ వశమైనవి. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్టు ఎగిరినది. భద్రతకొరకు విడిచిన విశాలమైన నేలలో గొడ్డలి ఆగినది. దానితో దుప్పులు, నక్కలు, దేవాంగపిల్లులు నిర్భయంగా నిలిచినవి. దీవిలో ఉండిన యానాదులు, ఇతర గ్రామస్థులు తరలిపోవలసి వచ్చినది. అడవి బ్రతికిన కథను చెప్పేటపుడు ఈ రెండవ వాక్యాన్ని విడిచిపెట్టడం పరిపాటి. అది న్యాయం కాదు.

ఇక సరస్సుకు ఇవతలి ఒడ్డున సంగతి. దొరవారిసత్రం దగ్గర, పులికాటుకు 20 కిలోమీటర్ల దూరంలో నేలపట్టు అనే చిన్న ఊరు, దాని ప్రక్కన వానకు నిండే ఒక చెరువు ఉన్నవి. చెరువులో కడప చెట్లు. నీటిలో నెలల తరబడి నిలిచినా కుళ్లని చెట్టు ఇది. వేలాడే ఎర్రని పూలగుత్తులు దీని గురుతు. ఈశాన్య వానలకు చెరువు నిండగానే గూడబాతులు, అనగా పెలికాన్లు, ఈ చెట్లమీద గూళ్లు కడతవి. రెండుమూడు గ్రుడ్లు పెట్టి నెలరోజులపాటు పొదుగుతవి. నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు, శబరికొంగలు, నీటికాకులు కూడ అదే చెట్లమీద అంతస్తులవారీగా కాపురం పెడతవి. నీటి నడుమ చెట్టు అంటే నక్కకు, పిల్లికి, మనిషికి అందని ఇల్లు. చెరువు ఎండితే ఆ కోట కందకం పోయినట్లే. వానలు తప్పిన ఏట గూళ్లు కట్టకుండానో, కట్టినవి విడిచిపెట్టియో పక్షులు వెళ్లిపోతవి.

గూడబాతు పెద్దపక్షి. రెక్కలు చాచితే రెండు మీటర్లకు పైగా ఉంటుంది. అంత బరువును రెక్కలాడిస్తూ దూరం మోయడం కష్టం. అందుచేత ప్రొద్దెక్కి నేల వేడెక్కిన తర్వాత పైకిలేచే గాలిలో గిరగిరా తిరుగుతూ ఎత్తుకు పోయి, అక్కడినుండి జారుతూ పులికాటుకు చేరుతుంది. ముక్కు క్రింది సంచిలో చేపలు పట్టి మ్రింగి తిరిగివచ్చి పిల్లల నోటికి అందిస్తుంది. ఇల్లు ఒకచోట, అంగడి మరొకచోట అన్నమాట. నేలపట్టు చెరువు ఎంత భద్రంగా కాచినా పులికాటులో చేప లేకపోతే పిల్లలు పస్తుండవలెను. సరస్సులో చేప ఎంత ఉన్నా గూడు పెట్టను చెట్టు లేకపోతే సంతానమే లేదు. హద్దురాళ్లు పాతే అధికారులకు పక్షి నేర్పే పాఠం ఇది.

ఒకప్పుడు ఈ పక్షుల కొలనులు తెలుగునేలమీద మరికొన్ని ఉండెను. రాయలసీమలో బుచ్చుపల్లె వద్ద 1902లో ఒకటి చూచినట్లు బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘపు పత్రికలో నమోదైనది. 1946లో కె. కె. నీలకంఠన్ అనే అధ్యాపకుడు కొల్లేటి సమీపాన ఆరేడు గ్రామం దగ్గర మహాసమూహాన్ని కనుగొన్నాడు. 1970 దశకంలో పక్షులు ఆ చోటును విడిచినవి. ఈ నేపథ్యంలో చూస్తే నేలపట్టు విలువ తెలుస్తుంది.

నేలపట్టును మొదట కాపాడినది ప్రభుత్వం కాదు, రైతులు. కొంగల రెట్ట పడిన చెరువునీరు పైరుకు ఎరువు పెట్టినంత బలమని వారి అనుభవం. రెట్టలో నత్రజని, భాస్వరం సమృద్ధిగా ఉన్నవి గనుక శాస్త్రం కూడ కాదనదు. మదరాసుకు దక్షిణాన వేదాంతంగళ్‌లోనూ ఇదే కథ. సిపాయిలు పక్షులను కాల్చగా గ్రామస్థులు కలెక్టరు లయొనెల్ ప్లేసును ఆశ్రయించి, 1798 ప్రాంతంలో వేటనిషేధపు కౌలు పొందినారు. అమెరికాలో థియొడోర్ రూజ్‌వెల్టు ఫ్లారిడాలోని పెలికాన్ ద్వీపాన్ని తొలి కేంద్రప్రభుత్వ పక్షిరక్షితంగా ప్రకటించినది 1903లో. మన గ్రామస్థులు వందేళ్లు ముందున్నారు!

1972 వన్యప్రాణి సంరక్షణచట్టం వచ్చిన తర్వాత, 1976లో నేలపట్టు, పులికాటు రెండూ అభయారణ్యాలైనవి. నేలపట్టు విస్తీర్ణం సుమారు 459 హెక్టార్లు. అందులో చెరువు 83 హెక్టార్ల లోపే, మిగిలినది చాలభాగం పొదల అడవి. అటవీశాఖవారు చెరువులో కడప మొక్కలు నాటించినారు. కట్టెకొరకు కాక కొంగకొరకు చెట్టు పెంచడం ఆ శాఖకు క్రొత్త విద్యయే.

పులికాటు సంగతి ఇంత సులభం కాదు. అది ఊళ్లున్న అభయారణ్యం. ఇరకం, వేనాడు వంటి దీవులున్నవి. చేపలమీద బ్రతికే వేలాది కుటుంబాలున్నవి. దక్షిణభాగంలో పట్టినవారు అనే జాలరులు ‘పాడు’ అనే కట్టుబాటు ప్రకారం ఏ రోజు ఏ చోట ఎవరు వల వేయవలెనో వంతులు వేసుకొని శతాబ్దాలు గడిపినారు. చట్టం పుట్టకముందే సరస్సును పాలించిన పద్ధతి అది. అభయారణ్యపు హద్దు గీసినపుడు ఇటువంటివారి కట్టుబాట్లను లెక్కలోకి తీసుకోకపోతే ఏమగునో రాజస్థానంలోని భరత్‌పూరు చూపినది. అక్కడ 1982లో పశువుల మేతను నిషేధించగా ఘర్షణ జరిగి ప్రాణాలు పోయినవి. తర్వాత పరిశోధకులు చూడగా, గేదెలు మేయక నీటిగడ్డి దట్టంగా అల్లుకొని పక్షులకే చోటు తగ్గినది. మేత శత్రువనుకొన్నారు, మేతే తోటమాలి.

మూడవ సమాధానం వినోదం. 2001నుండి సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండుగ మొదలైనది. జనం రాజహంసలని పిలిచే ఈ గులాబిరంగు పక్షులు ముక్కును తలక్రిందులుగా నీటిలో ముంచి నాచును, సూక్ష్మప్రాణులను వడగట్టుకొంటవి. నేలపట్టులో కొంగలు, అటకానితిప్పలో రాజహంసలు, భీములవారిపాళెంలో పడవ షికారు, పేటలో పాటకచేరీ. నడుమ కొన్నియేళ్లు ఆగిన పండుగ 2025 జనవరి 18 మొదలు 20 వరకు తిరిగి జరిగినది. బడిపిల్లలు దూరదర్శినితో మొదటిసారి గూటిలోని పిల్లను చూచుట చిన్నలాభం కాదు. అయితే పండుగ వచ్చేది గూళ్లలో పిల్లలుండే నెలలోనే. పిల్లలను విడిచి తల్లిపక్షులు లేచిపోతే ఎండకు, కాకులకు గురియయ్యేది అవే. అందుచేత చెరువు గట్టున మైకు పెట్టే చోటు, బస్సు ఆపే చోటు కూడ పక్షిశాస్త్రంలో భాగమే. ఉపాధ్యాయులు పిల్లలను తీసుకువెళ్లేటపుడు పండుగ మూడురోజులు తప్పించి మరొక వారం ఎంచుకొంటే పక్షులూ నిలకడగా కనబడతవి, పిల్లలకూ గట్టుమీద చోటు దొరుకుతుంది.

అన్నిటికన్న బరువైన సమస్య నీటిలో ఉన్నది. శ్రీహరికోటకు వేసిన రోడ్డు సరస్సును అడ్డంగా కోసినది. తూములున్నా ఉత్తరభాగానికి నీటి రాకపోకలు మందగించినవనీ, వేసవిలో అక్కడ ఎండుటకు అదొక కారణమనీ పరిశీలకుల అభిప్రాయం. ముఖద్వారాలు ఇసుకతో పూడుకొని సముద్రపు నీరు లోపలికి రావడం తగ్గినది. రాయదొరువు వద్ద పూడిక తీయవలెనని జాలరులు ఎంతోకాలంగా కోరుతున్నారు. ఇక్కడ జాలరి కోరికా, గూడబాతు అవసరమూ ఒకటే. ముఖద్వారం తెరచుకొంటే రొయ్యపిల్ల లోపలికి వస్తుంది, చేప పెరుగుతుంది. వల నిండుతుంది, సంచీ నిండుతుంది.

నేలపట్టులోనూ పని ఆగేది కాదు. ఏటేటా పడే రెట్ట పైరుకు అమృతమే గాని గూడు మోసే చెట్టుకు మోతాదు మించిన మందు. ఆకులు మాడి, కొమ్మలు విరిగి, ముదిరిన కడప చెట్లు కాలక్రమాన పోతవి. నారుపోసిన మొక్క గూడబాతు బరువు మోసేంతవరకు ఎన్నో వేసవులు దాటాలి. అందుచేత పాత చెట్లు నిలిచి ఉండగానే, చెరువు ఎండిన నెలలలో, వాటి నడుమ క్రొత్త మొక్కలకు గుంటలు త్రవ్వవలసి ఉన్నది.