సైకిలు గాల్లో నిలిచిన తీరు: చిత్తూరు, తిరుపతి రిపేరు షాపుల చరిత్ర

సైకిలుకు రిపేరు చేయాలంటే ముందు దాని చక్రం నేలను వదలాలి. చక్రం గాల్లో తిరిగినప్పుడే రిమ్ము వంపు, చైను వదులు, బ్రేకు రాపిడి కంటికి ఆనతాయి. చిత్తూరు, తిరుపతి ప్రాంతపు సైకిలు షాపులు ఈ పనిని దశాబ్దాల పాటు రిపేరు స్టాండు కొనకుండానే నడుపుకొచ్చాయి. డబ్బుల్లేక మానుకున్నారనుకుంటే పొరపాటు. ఇక్కడ తిరిగిన సైకిలు తన స్టాండును తనతోనే తెచ్చుకుంది.

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1న ఏర్పడింది. అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలో అమ్ముడయ్యేవి ఎక్కువగా ఇంగ్లండులో తయారై ఓడల్లో వచ్చిన సైకిళ్లే. ర్యాలీ, హంబర్, బి.ఎస్.ఎ., హెర్క్యులిస్ పేర్లు ఆనాటివి. స్వాతంత్ర్యం వచ్చాక దేశంలోనే తయారీ ఊపందుకుంది. 1949లో మద్రాసు శివారు అంబత్తూరు కేంద్రంగా టి.ఐ. సైకిల్స్ మొదలైంది. 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లూధియానాలో హీరో వచ్చాయి. 1953 అక్టోబరు 1న జిల్లా ఆంధ్ర రాష్ట్రంలో భాగమైనా, అంబత్తూరు మాత్రం తిరుపతికి ఆ రాష్ట్ర రాజధాని కర్నూలు కంటే చాలా దగ్గర.

ఈ కంపెనీలన్నీ ఎక్కువగా అమ్మింది ఒకే రకం బండి: ఉక్కు ఫ్రేము, 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, వెనక కారియర్, సుమారు 20 కిలోల బరువు. వెనక ఇరుసుకు బిగించిన ఇనుప స్టాండును కాలితో తొక్కి కారియర్ పట్టుకుని వెనక్కి లాగితే చాలు, బండి నిటారుగా నిలిచి వెనక చక్రం నేలకు రెండు మూడు అంగుళాలు పైకి లేస్తుంది. చైను, వెనక బ్రేకు, పంక్చరు పనులకు అంతకుమించి ఏమీ అక్కర్లేదు. ముందు చక్రం పని పడితే గోనెపట్ట పరిచి, హ్యాండిల్ మీద, సీటు మీద ఆనేలా సైకిలును తలకిందులు చేసేవారు. ఓవరాలింగ్ లాంటి పెద్ద పనులకు కొన్ని షాపుల్లో దూలం నుంచి గొలుసులో, తాళ్లో వేలాడేవి. వాటి కొక్కేలు సీటుకు, హ్యాండిల్‌కు తగిలిస్తే బండి మేస్త్రీ ఛాతీ ఎత్తున నిలుస్తుంది. నడుము వంచే పని తప్పించడానికి ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు.

కంపచెట్లు దట్టంగా పెరిగే రాయలసీమ దారుల్లో షాపుకు నిత్యం పని చెప్పింది ముల్లే. చక్రం విప్పకుండానే టైరును ఒక పక్క నుంచి ఊడదీసి ట్యూబు లాగుతారు. గాలి కొట్టి నీళ్ల పళ్లెంలో కొంచెం కొంచెంగా ముంచి తిప్పుతారు. బుడగలు లేచిన చోట గుర్తు పెట్టి, తుడిచి, ఉప్పుకాగితంతో గీకి, సొల్యూషన్ పూసి, అది ఆరేదాకా ఆగి పాత ట్యూబు ముక్క అతికిస్తారు. ఆ ఆగడంలోనే పనితనమంతా ఉంది. తొందరపడితే అతుకు ఎండకు లేచిపోతుంది. మళ్లీ ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల వేళ్లతో తడిమి ముల్లు తీయకపోతే చేసిందంతా వృథా.

గంటల లెక్కన సైకిళ్లు అద్దెకివ్వడం ఈ షాపులకు మరో ఆదాయం. మడ్‌గార్డు మీద నంబరు, నోటుపుస్తకంలో పేరు, తీసుకున్న వేళ: లెక్క అంతే. పిల్లలు సైకిలు నేర్చుకున్నది చాలావరకు ఈ అద్దె బళ్ల మీదే, వాటి వంకర్లు తీసిందీ ఆ షాపులే. 1980లో పక్క రాష్ట్రపు హోసూరు నుంచి టీవీఎస్ 50 మోపెడ్ వచ్చింది. పాలక్యాన్లు, కూరగాయల మూటలు మెల్లగా దాని మీదికి మారాయి. అద్దె సైకిళ్లు కనుమరుగయ్యాయి. సైకిలు షాపులు చాలామటుకు మోటారు సైకిళ్ల పంక్చరు షాపులయ్యాయి.

తర్వాత వచ్చిన గేరు సైకిలుకు అయితే పక్క స్టాండు, లేకపోతే అసలు స్టాండే ఉండదు. తలకిందులు చేద్దామంటే గేర్ల మీటలు, దీపం, ఫోను పట్టీ హ్యాండిల్ మీదే ఉంటాయి. ఆయిల్ బ్రేకు ఉన్న బండిని బోర్లిస్తే పైపులోకి గాలి బుడగ చేరి బ్రేకు మెత్తబడవచ్చు. ఇంట్లో రిపేరు స్టాండు అవసరం ఇక్కడ పుట్టింది. అమెరికాలో సెయింట్ పాల్ నగరపు సైకిలు వ్యాపారులు 1963లో ప్రారంభించిన పార్క్ టూల్ సంస్థ తొలి రోజుల్లోనే చేసిన సరుకు ఇలాంటి స్టాండే. దూలం గొలుసు చేసే పనినే అది నేల మీద నిలబడి చేస్తుంది.

ఇంటికి రెండు రకాలు దొరుకుతాయి. ఒకటి బిగింపు దవడతో సైకిలును పట్టేది, రెండోది ఒక చక్రం తీసి ఇరుసు దగ్గర, పెడళ్ల ఇరుసు కింద ఆనించేది. మామూలు బళ్లకు మొదటిదే వీలు. దవడ బిగించాల్సింది సీటు కింది లోహపు గొట్టానికి. ఫ్రేము గొట్టాలకు, ముఖ్యంగా పలుచని అల్యూమినియానికి, కార్బన్‌కు బిగిస్తే సొట్టపడవచ్చు, పగలవచ్చు. సీటు గొట్టం కూడా కార్బన్‌దే అయితే రెండో రకం కొనడమే మేలు. బ్యాటరీ సైకిళ్లు 20 కిలోలు దాటడం మామూలే కనుక, స్టాండు మోయగల బరువు ఎంతో చూసుకోవాలి. ఎత్తే ముందు బ్యాటరీ తీసేయాలి.

స్టాండు కాళ్లు పూర్తిగా తెరవాలి, నేల చదునుగా ఉండాలి. మిద్దె మీద గాలి వీచేటప్పుడు వాడకూడదు. బరువు కాళ్ల మధ్యన పడేలా సైకిలును తిప్పి పెట్టాలి. ఒక చక్రం విప్పగానే బరువు రెండో వైపుకు మళ్లుతుంది కాబట్టి ఆ క్షణంలో ఒక చెయ్యి ఫ్రేము మీద ఉండాలి. చైను తిరుగుతుండగా గుడ్డతో తుడవడం వేళ్లు నలిగే దారి. తిరిగే బ్రేకు డిస్కు అంచు కత్తిలా కోస్తుంది. పాత బండిలో క్రాంకును (పెడలు చేతిని) ఇరుసుకు బిగించే కాటర్ పిన్నును సుత్తితో కొట్టే పని స్టాండు మీద పెట్టుకోకూడదు. ఆ దెబ్బకు దవడ జారుతుంది. క్రాంకు కింద గట్టి ఆధారం ఉంచి, బండిని నేల మీద నిలిపే కొట్టాలి.

ఇనుప స్టాండున్న పాత బండి ఇంట్లో ఉన్నవారికి రిపేరు స్టాండు ఖర్చు అనవసరం.