ఇంజను కోసం ఎదురుచూసిన సైకిలు

పల్నాడు జిల్లా నాదెండ్ల ప్రాంతంలో బండ్ల చరిత్ర ఎవరిని అడిగినా ఒకే వరుసలో చెబుతారు. మొదట సైకిలు వచ్చింది, తర్వాత లూనా, టీవీఎస్ ఫిఫ్టీ వచ్చాయి, ఆపైన మోటారు సైకిళ్లు వచ్చి సైకిలు మూలన పడింది. ఈ వరుసలో ఒక మెట్టు లేదు. మోటారు సైకిలు పుట్టిన దేశాలన్నిట్లో మామూలు సైకిలుకు ఎవరో చిన్న ఇంజను బిగించి నడిపిన కాలం ఒకటి ఉంది. మన ఊళ్లు ఆ కాలాన్ని చూడకుండానే కంపెనీ బండికి వచ్చేశాయి. ఇప్పుడు తెలుగు ఊళ్లలో అక్కడక్కడా కుర్రవాళ్లు పాత సైకిలు ఫ్రేములో ఇంజను కూర్చి, నూరేళ్ల కిందటి బండిలా దాన్ని తీర్చుకుంటుంటే, ఫోన్లో చూసి నేర్చిన సరదా అని పెద్దలు కొట్టిపారేస్తున్నారు. సరదా ఉన్న మాట నిజమే. కానీ చరిత్రలో దాని స్థానం అంతకంటే పెద్దది. మనం దాటేసిన మెట్టును ఆలస్యంగా ఎక్కుతున్నాం. ఆలస్యానికి కారణం పనితనం కొరవడటం కాదు, చేతికందే చిన్న ఇంజను లేకపోవడం.

ముందు బయటి చరిత్ర చూద్దాం. 1897లో పారిస్‌లో వెర్నర్ సోదరులు సైకిలు ముందు చక్రం పైన చిన్న ఇంజను పెట్టి అమ్మకానికి తెచ్చారు. 1901లో అమెరికాలో ‘ఇండియన్’ మోటారు సైకిలుకు ప్రాణం పోసిన హెండీ, హెడ్‌స్ట్రోమ్ ఇద్దరూ సైకిలు పందేలలో పేరు తెచ్చుకున్నవాళ్లే. బెల్జియంలోని మినర్వా కంపెనీ సైకిలుకు బిగించుకునే ఇంజన్లను విడిగా అమ్మేది. అప్పటిదాకా సైకిళ్లే చేస్తున్న ఇంగ్లండు కంపెనీ ట్రయంఫ్ 1902లో ఆ ఇంజనునే తన ఫ్రేముకు తగిలించి తొలి మోటారు సైకిలును తెచ్చింది. 1903లో మిల్వాకీలో హార్లీ, డేవిడ్సన్‌లు పని మొదలుపెట్టింది ఇంటి పెరట్లో వేసుకున్న చిన్న చెక్క షెడ్డులో. వీళ్లలో ఎవరూ కొత్త బండిని శూన్యంలోంచి తీయలేదు. ఫ్రేము, చక్రాలు, చైను, సీటు, హ్యాండిలు సైకిలువే. అందులోకి వచ్చి చేరింది ఇంజను ఒక్కటే.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇదే కథ మళ్లీ నడిచింది. జపాన్‌లోని హమామత్సులో సోయిచిరో హోండా 1946లో సైన్యం వైర్‌లెస్ సెట్ల జనరేటర్లకు వాడి వదిలేసిన చిన్న ఇంజన్లను సంపాదించి సైకిళ్లకు బిగించాడు. మొదటి బండికి పెట్రోలు ట్యాంకుగా పనికొచ్చింది ఇంట్లో వేడినీళ్లు పోసుకునే సీసా. దొరికిన ఇంజన్లు సుమారు 500. అవి అయిపోయాక సొంత ఇంజను చేసుకోక తప్పలేదు, ఆ అవసరంలోంచే హోండా కంపెనీ ఎదిగింది. అదే ఏడాది ఇటలీలో 48 సీసీ ‘కుచ్చోలో’ ఇంజను, ఫ్రాన్స్‌లో ముందు చక్రాన్ని రోలరుతో తిప్పే వెలోసోలెక్స్ బజారులోకి వచ్చాయి. ఈ మూడు చోట్లా ఉన్నవి రెండే: ఊరూరా సైకిళ్లు, చవకగా చేతికొచ్చే చిన్న ఇంజను. ఆ రెండూ ఒకచోట చేరినప్పుడు ఇంజను సైకిలు దానంతటదే పుట్టింది. ఒకటి లేనిచోట ఎంత తెలివి ఉన్నా పుట్టలేదు.

ఈ కొలబద్దతో ఇప్పుడు నాదెండ్లను చూద్దాం. నరసరావుపేటకూ చిలకలూరిపేటకూ మధ్య నల్లరేగడి నేలల ఊళ్లివి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ నీళ్లు, పత్తి, మిరప చేతిలో నాలుగు డబ్బులు ఆడేలా చేశాయి. దేశంలో సైకిళ్ల తయారీ అప్పటికే ఊపందుకుంది. మద్రాసులో టీఐ సైకిల్స్ 1949లోనే మొదలైంది, లూధియానాలో హీరో సైకిల్స్ 1956లో వచ్చింది. సైకిలు పొలానికి పోయింది, పాలక్యాను మోసింది, బడికి పోయింది. కొనలేనివాడు గంటల లెక్కన అద్దెకు తీసుకున్నాడు. ఊరి సైకిలు షాపులో పంచరు వేయడం చిన్న పని. చక్రం బెండు తీయడం, పుల్లలు కట్టడం, ఇరుసు గుళ్లు మార్చి గ్రీజు పెట్టడం, క్రాంకు కాటరు పిన్ను ఊడదీయడం, విరిగిన ఫోర్కును గ్యాస్ వెల్డింగుతో అతకడం అసలు పనులు. ఇంజను సైకిలు కట్టడానికి కావలసిన చేతిపనిలో ముప్పాతిక భాగం ఇదే. అంటే సైకిలూ ఉంది, పనివాడూ ఉన్నాడు.

పనివాడు ఉన్నంత మాత్రాన యంత్రం గుట్టు తెలుస్తుందా అని అడగవచ్చు. దీనికి తెలుగువాళ్ల చరిత్రలోనే జవాబు ఉంది. కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో 1893లో తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి.నాయుడు చదువు వంటబట్టని కుర్రవాడు. ఆ ఊరి దారిన వచ్చిన ఒక తెల్లదొర రడ్జ్ మోటారు సైకిలును చూసి, అలాంటిది కొనాలని పట్టుబట్టి, కోయంబత్తూరులో హోటలు పనికి కుదిరి డబ్బు కూడబెట్టాడు. చివరికి ఆ బండినే కొని, మరకు మర విప్పి మళ్లీ బిగించాడు. రడ్జ్ కూడా కోవెంట్రీలో సైకిళ్లు చేసిన కంపెనీయే. 1920లో పొల్లాచ్చి నుంచి పళనికి బస్సు నడపడంతో మొదలైన ఆయన దారి 1937లో బాలసుందరం నాయుడితో కలిసి దేశంలోనే విద్యుత్ మోటారు తయారు చేసేదాకా సాగింది. ఆయన అసాధారణుడు కాబట్టి ఈ ఉదాహరణ చెల్లదనే వాదన ఉండవచ్చు. ఆయన అసాధారణత తర్వాతి విజయాల్లో కనబడుతుంది. తొలి మెట్టులో ఆయనకు దక్కినదల్లా విప్పి చూసుకోవడానికి సొంత ఇంజను. అది దక్కిన చోట పల్లెటూరి చెయ్యి ఏం చేయగలదో ఆ రడ్జ్ చెబుతుంది.

నాదెండ్ల వంటి ఊళ్లకు దక్కనిది అదే. స్వాతంత్ర్యం వచ్చాక దిగుమతుల మీద ఆంక్షలు, తయారీకి లైసెన్సులు ఉండటంతో విడిగా సైకిలుకు బిగించే ఇంజను బజారులో దొరికే సరుకు కాలేదు. ఊళ్లో ఉన్న ఇంజనల్లా కాలువ నీళ్లు తోడే ఆయిలింజను. వంద కిలోలు దాటే ఆ బరువును ఏ సైకిలూ మోయలేదు. ఆ తర్వాత ఇంజను వచ్చింది కానీ, సైకిలుతో కలిసిపోయిన కంపెనీ బండి రూపంలో వచ్చింది. తిరుపతిలో మోపెడ్స్ ఇండియా ఫ్రాన్స్‌కు చెందిన మోటోబెకాన్ సాంకేతికతతో సువేగా మోపెడ్‌ను చేసింది. దాని మూలమైన మొబిలెట్ యుద్ధానంతరం సైకిలుకు ఇంజను చేర్చిన ఆలోచన ముదిరి వచ్చిన బండే. 1972లో పుణె నుంచి కైనెటిక్ లూనా, 1980లో హోసూరు నుంచి ఇద్దరు కూర్చోగల టీవీఎస్ ఫిఫ్టీ వచ్చాయి. పెడల్ ఉంది, చైను ఉంది, తొక్కితే కదులుతుంది. సైకిలు షాపువాడికి సగం బండి తెలిసిందే. మిగతా సగం, అంటే కార్బొరేటరు, ప్లగ్గు, క్లచ్చు, పిస్టను రింగులు రిపేరుకొచ్చిన బండి మీదే నేర్చుకున్నాడు. యూరప్‌లో షెడ్డు నుంచి ఫ్యాక్టరీకి సాగిన నడక ఇక్కడ ఫ్యాక్టరీ నుంచి షెడ్డుకు సాగింది. టీవీఎస్ వెనక గడ్డిమోపు పట్టేలా క్యారేజీ పొడిగించిందీ, నడవలేనివారికి పక్క చక్రాలు అమర్చిందీ ఈ షెడ్లే.

విడి ఇంజను ఊళ్లోకి వచ్చిన దారి రోడ్డు కాదు, పత్తి చేను. 1980ల్లో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని తుడిచిపెట్టింది. 1987–88లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. పురుగుమందుతో పోరాటం రైతు జీవితాన్ని కమ్మేసిన ఆ కాలం నుంచి చేతి పంపు పక్కన పెట్రోలు స్ప్రేయరు వచ్చి చేరింది. వీపున మోసే ఆ పంపులో ఉన్నది రెండు పిడికిళ్లలో పట్టే రెండు స్ట్రోకుల ఇంజను, 25 నుంచి 35 సీసీ దాకా. ఆ తర్వాత గడ్డి కోసే యంత్రాలతో నాలుగు స్ట్రోకుల చిన్న ఇంజన్లూ వచ్చాయి. ఇటీవల సైకిలుకే చేసిన చైనా కిట్లు కొరియరులో దిగుతున్నాయి. హమామత్సుకు సైన్యం వదిలేసిన జనరేటరు ఏమిటో పల్నాటికి పాత స్ప్రేయరు అది. అర్ధశతాబ్దం ఎడంగా అవే రెండు వస్తువులు ఇక్కడా ఒకచోటికి చేరాయి. దానికి ఫలితం కూడా అదే వస్తే ఆశ్చర్యపడనక్కర్లేదు.

ఈ పని పిల్లల ఆట కాదని తెలియాలంటే లెక్కను దగ్గర నుంచి చూడాలి. మన 28 అంగుళాల చక్రం ఒక్క చుట్టుకు సుమారు 2.2 మీటర్లు పోతుంది. గంటకు 25 కిలోమీటర్ల వేగానికి నిమిషానికి 190 చుట్లు చాలు. స్ప్రేయరు ఇంజను హాయిగా తిరిగేది నిమిషానికి 6,000 చుట్ల దగ్గర. అంటే ఇంజను ముప్పై సార్లకు పైగా తిరిగితే చక్రం ఒకసారి తిరగాలి. దానికి నడుమ మరో ఇరుసు వేసి రెండు మెట్లుగా వేగం తగ్గించాలి. కిట్టు ఇంజనులో లోపలి గేరు సుమారు 4.1 వంతులు తగ్గిస్తే, బయట 10 పళ్ల చక్రం నుంచి 44 పళ్ల చక్రానికి మరో 4.4 వంతులు తగ్గుతుంది, మొత్తం 18. వెనక చక్రం కుడివైపు ఫ్రీవీలు ఉంది కాబట్టి ఎడమవైపు పుల్లలను రెండు రబ్బరు బిళ్లల మధ్య నొక్కి, వాటికి ఈ 44 పళ్ల చక్రాన్ని బోల్టులతో బిగిస్తారు. బోల్టులన్నీ సమంగా బిగియకపోతే చక్రం ఊగుతుంది, చైను జారుతుంది, పుల్లలు తెగుతాయి. ఇక్కడ అక్కరకొచ్చేది బెండు తీసి తీసి పదునెక్కిన చూపు. కంపెనీ మోపెడ్ బాగుచేసిన చెవి ఇంజను సంగతి చూసుకుంటుంది, సైకిలు షాపు కన్ను చక్రం సంగతి చూసుకుంటుంది.

పాతకాలపు రూపు మాత్రం అరువు తెచ్చుకున్నదే కదా అని కొందరంటారు. బ్రౌన్ సీటు, వంగిన హ్యాండిలు అమెరికా బొమ్మల్లోవి కావచ్చు. కానీ ఎముకల గూడు మనదే. రాడ్ బ్రేకులు, లగ్గులనే కీళ్లలో దూర్చి అతికిన గొట్టాలు, పెద్ద చక్రాలు, స్ప్రింగు సీటు ఉన్న మన నల్ల సైకిలు ఇంగ్లండులో ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో స్థిరపడిన నమూనా. పుట్టిన చోట అది దాదాపు కనుమరుగైనా మన దేశంలో తయారవుతూనే ఉంది. డబుల్ రాడ్ ఫ్రేములో ఆ రెండు రాడ్ల మధ్య సన్నని ట్యాంకు ఇరికిస్తే 1910 నాటి ఫ్లాట్ ట్యాంకు బండి వచ్చేస్తుంది, వేషం వేయనక్కర్లేదు. పాత నమూనా మన దగ్గర సజీవంగా మిగిలింది కాబట్టే ఇక్కడి ఇంజను సైకిలుకు పాత రూపు సహజంగా అబ్బుతుంది.

ఇంతకంటే బలమైన ఆక్షేపణ రెండు వైపుల నుంచి వస్తుంది: ప్రమాదం, చట్టం. రెండూ నిజమే. గంటకు 12 కిలోమీటర్ల కోసం చేసిన బండి 36తో పోతే ఆపవలసిన శక్తి తొమ్మిది రెట్లవుతుంది. రిమ్ముకు ఒరుసుకునే రబ్బరు ముక్కలు దాన్ని ఆపలేవు. పాత మోపెడ్ చక్రాన్ని డ్రమ్ము బ్రేకుతో సహా ముందుకు వేయనిదే ఆ బండి రోడ్డెక్కకూడదు. చట్టం కూడా గీత స్పష్టంగానే గీసింది. 1988 మోటారు వాహనాల చట్టం నాలుగు కంటే తక్కువ చక్రాలతో, 25 సీసీ మించని ఇంజనుతో ఉన్నదాన్ని మోటారు వాహనంగా లెక్కించదు. కిట్టు ఇంజన్లలో ఎక్కువ భాగం ఆ గీత దాటినవే. వాటిని రిజిస్ట్రేషన్ లేకుండా రోడ్డు మీద తిప్పడం తప్పు. ఇంట్లో కట్టిన బండికి రిజిస్ట్రేషన్ తెచ్చుకోవడం దాదాపు అసాధ్యం. కాబట్టి ఈ పనిని గౌరవించేవాడు 25 సీసీ లోపలే ఉండాలి. ఆ పరిమితి పనితనాన్ని తగ్గించదు. తక్కువ శక్తితో బండిని నడిపించడానికే లెక్క ఎక్కువ కావాలి.

పాత టీవీఎస్ కొనుక్కుంటే చవక కదా, ఎలక్ట్రిక్ బండ్ల కాలంలో పెట్రోలు ఇంజను దేనికి అని అడిగేవారూ ఉన్నారు. ప్రయాణం ఒక్కటే లెక్కయితే వాళ్లన్నది సరే. కొన్న బండి మనిషిని ఊరు చేరుస్తుంది. కట్టిన బండి వేగం, బరువు, బ్రేకు, చైను ఒకదాన్నొకటి ఎలా పట్టి ఉంచుతాయో నేర్పుతుంది. ఆ చదువు ఇంజనుతో ఆగిపోదు. 250 వాట్ల మోటారు చక్రంలో కూర్చినా ఫ్రేము బలం, బ్రేకు బలం, చక్రం తీరు లెక్కలు అవే. పల్నాడు 2022లో సొంత జిల్లా అయింది. జిల్లా చరిత్ర రాసేవారు కోటలనూ శాసనాలనూ ఎంత శ్రద్ధగా నమోదు చేస్తారో, సైకిలు షాపుల పనినీ అంత శ్రద్ధగా నమోదు చేయాలి: ఏ ఫ్రేము, ఏ ఇంజను, ఎన్ని పళ్లు, ఏది విరిగింది, దాన్ని ఎలా సరిచేశారు. ఐటీఐలు ఈ లెక్కను పాఠంగా తీసుకుంటే పిల్లలు కొలతలు నేర్చుకుంటారు, చట్టం గీతా నేర్చుకుంటారు. హోండా షెడ్డును జపాన్ తన పరిశ్రమ చరిత్రలో ఒక పేజీగా రాసుకుంది. మన షెడ్ల పని ఆలస్యంగా మొదలైనంత మాత్రాన దానికి పేజీ దక్కకపోవడం న్యాయం కాదు.