కొట్టు లేని సరుకు

నాకు తెలిసినంతలో గూడూరులో వీడియో గేములు మాత్రమే అమ్మే కొట్టు ఎన్నడూ లేదు. నిమ్మకాయల మార్కెట్టు ఉంది. అభ్రకం ఒకప్పుడు ఊరికి అన్నం పెట్టింది. రేణిగుంట వైపు బండి మారాల్సినవాళ్లు గంటలకొద్దీ కూర్చునే జంక్షను ఉంది. గేము మాత్రం ఎప్పుడూ ఇంకో సరుకు వెనకాల నక్కి ఊళ్లోకి వచ్చింది. టీవీ రిపేరు కొట్లో క్యాసెట్టుగా, నెట్ సెంటర్లో హార్డ్ డిస్కుగా, సెల్ పాయింటులో మెమరీ కార్డుగా వచ్చి, ఆఖరికి సిగ్నల్లో కలిసి గాలిలోంచి దిగడం మొదలుపెట్టింది. రక్తపాతం ఉన్న ఆటలు పిలకాయలకు అమ్మొద్దని చట్టం చేయాలంటే ముందు అమ్మేవాడు కనబడాలి గదా. అమెరికాలో కనబడ్డాడు. మనకు కనబడలేదు. అందుకే మన ప్రభుత్వాలు ఈ వ్యవహారంలో ఒకసారి ఆడేవాడి చెయ్యి పట్టుకున్నాయి, ఒకసారి పొరుగు దేశం చెయ్యి, ఒకసారి డబ్బు సంచి. తుపాకీ జోలికి మాత్రం ఎవరూ పోలేదు.

విచిత్రమేమంటే, అమ్మేవాణ్ణి పట్టుకునే చట్టం మనకు ఏనాటి నుంచో ఉంది. ఆంధ్రప్రదేశ్ పుట్టిన 1956లోనే పార్లమెంటు యువజనుల హానికర ప్రచురణల చట్టం చేసింది. నేరాలు, హింస, క్రూరత్వం, జుగుప్స పుట్టించే ఘటనలే ప్రధానంగా ఉండి, మొత్తంగా చూస్తే కుర్రవాడి మనసు చెడగొట్టే పుస్తకాన్ని అమ్మినా, అద్దెకిచ్చినా ఆరు నెలల వరకూ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. కుర్రవాడంటే పద్దెనిమిది లోపు కాదు, ఇరవై ఏళ్ల లోపు. అప్పట్లో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ దెయ్యాల, హంతకుల బొమ్మల పుస్తకాల మీద పెద్ద గోల నడుస్తోంది. 1954లో ఫ్రెడ్రిక్ వెర్థమ్ అనే మానసిక వైద్యుడు కామిక్సే పిల్లల్ని నేరస్థుల్ని చేస్తున్నాయని పుస్తకం రాశాడు. 1955లో బ్రిటన్ చట్టం చేసింది. మరుసటి ఏడాది మనమూ చేశాం.

ఆ రోజుల్లో మన పిల్లలు చదివే చందమామలో విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం దాటుతుండేవాడు. దాన్ని హానికరమని ఎవరూ అనలేదు, అనకపోవడమే న్యాయం. ‘మొత్తంగా చూస్తే’ అన్న మాటను చట్టంలో పెట్టినవాడికి బేతాళుడూ చంపుడు కథా ఒకటి కావని తెలుసు. కాకపోతే ఆ చట్టానికి కాగితం తప్ప మరొకటి తెలియదు. పుస్తకం, పత్రిక, కరపత్రం, ‘అటువంటి ఇతర ప్రచురణ’ దగ్గరే అది ఆగిపోయింది. తరవాత వచ్చిన బొమ్మల్ని ఆ జాబితాలో చేర్చాలని ఎవరికీ తోచలేదు.

సినిమా సంగతి వేరు, దానికి గేటు ఉంది. 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం కింద ‘ఏ’ సర్టిఫికెట్ వచ్చిన బొమ్మకు పద్దెనిమిది నిండనివాణ్ణి పంపకూడదు. సినిమాను ముందే పరీక్షించి వయసును బట్టి విడగొట్టడం రాజ్యాంగానికి విరుద్ధం కాదని 1970లో కె.ఎ. అబ్బాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. గేటు కాడ మనిషి మీసం మొలిచీ మొలవని కుర్రాణ్ణి చూసీ చూడనట్టు వదిలేయడం వేరే విషయం. వదలడానికైనా అక్కడ ఒక మనిషి నిలబడి ఉన్నాడు.

ఇక అమెరికా. 1976లో ఎక్సిడీ కంపెనీ ‘డెత్ రేస్’ అనే ఆట తెచ్చింది. కారు నడుపుతూ తెర మీది పుల్లబొమ్మల్ని గుద్దేయడమే ఆట. గుద్దిన చోట సమాధి మొలుస్తుంది. అవి భూతాలేనని కంపెనీ మొత్తుకున్నా పత్రికలు వినలేదు. అసలు రభస 1993 డిసెంబరులో. వెన్నెముకతో సహా తల పెరికే ‘మోర్టల్ కాంబాట్’ను ముందు పెట్టుకుని సెనేటర్లు జోసెఫ్ లీబర్మన్, హెర్బ్ కోల్ విచారణ జరిపారు. ప్రభుత్వం చట్టం చేసేలోపే కంపెనీలు తెలివిగా 1994లో ఈఎస్ఆర్బీ అనే సొంత రేటింగు సంస్థ పెట్టుకున్నాయి. పెట్టె మీద ‘ఎమ్’ అని ఉంటే పదిహేడేళ్లు నిండినవాళ్లకని అర్థం. ఇదంతా కంపెనీల కట్టుబాటే తప్ప చట్టం కాదు.

దాన్ని చట్టం చేయబోయింది కాలిఫోర్నియా. లీలాండ్ యీ అనే శాసనసభ్యుడు తెచ్చిన బిల్లు మీద 2005 అక్టోబరులో గవర్నరు ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ సంతకం పెట్టాడు. జీవితమంతా తెర మీద మెషిన్ గన్ను పేల్చిన మనిషే పిల్లలకు తుపాకీ ఆటలు కూడదన్నాడు. మన హీరోలు రాజకీయాల్లోకి వచ్చాక మద్యం గురించి మాట్లాడుతుంటే విన్నవాళ్లకు ఇందులో వింతేమీ కనిపించదు. హింసాత్మకమైన గేమును మైనరుకు అమ్మితే వెయ్యి డాలర్ల దాకా జరిమానా, డబ్బా మీద పెద్దక్షరాల్లో 18 అని ముద్ర. ఆ చట్టం అమలుకు ముందే కోర్టులో ఆగింది. 2011 జూన్ 27న అమెరికా సుప్రీంకోర్టు, ఏడుగురు ఒకవైపు ఇద్దరు మరోవైపుగా, దాన్ని కొట్టేసింది.

ఆ తీర్పు చదవదగ్గది. రాసిన జస్టిస్ స్కాలియా గ్రిమ్ సోదరుల కథల్ని బయటికి తీశాడు. పిల్లలు మంత్రగత్తెను పొయ్యిలో తోసే కథల్ని తరతరాలుగా పిల్లలకే చెబుతున్నాం, మరి దీన్ని ఎట్లా ఆపుతారన్నాడు. గేములు పిల్లల్ని హింసకు పురికొల్పుతాయనడానికి చూపించిన పరిశోధనలు కారణాన్ని రుజువు చేయలేదని కూడా తేల్చాడు. కాశీమజిలీ కథలు విని పెరిగిన మనకు ఈ వాదం బాగానే ఎక్కుతుంది. నాకు మాత్రం, ఒప్పుకోని ఇద్దరిలో ఒకరైన జస్టిస్ బ్రేయర్ ప్రశ్న ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. పదమూడేళ్లవాడికి నగ్నచిత్రాల పత్రిక అమ్మితే నేరమట, అదే పిల్లవాడు తన చేత్తో ఒక మనిషిని కట్టేసి హింసించే ఆట కొనుక్కుంటే హక్కట. ఈ రెండూ ఒకే రాజ్యాంగంలో ఎట్లా ఇముడుతాయి? చిన్న కొసమెరుపు: ఆ బిల్లు తెచ్చిన యీని 2014లో అరెస్టు చేశారు. ఆరోపణల్లో ఆయుధాల అక్రమ రవాణా కుట్ర కూడా ఉంది. 2016లో ఐదేళ్ల శిక్ష పడింది.

అమెరికా ఆగిన చోట జర్మనీ గట్టిగా చట్టమే చేసుకుంది. దక్షిణ కొరియా 2011లో పదహారేళ్ల లోపు వాళ్లకు అర్ధరాత్రి నుంచి ఆరింటి దాకా ఆటలు మూసేసి, పదేళ్లకు ఆ నియమాన్నే ఎత్తేసింది. చైనా 2021లో మైనర్లకు వారానికి మూడే గంటలంది. ఎవరి తిప్పలు వారివి.

మళ్లీ ఊరికొద్దాం. తొంభైల్లో మన ఇళ్లలోకి వచ్చిన చవక వీడియో గేము పెట్టెల్లో ‘కాంట్రా’ ఉండేది. చొక్కా లేని ఇద్దరు కండలవాళ్లు దారిపొడుగునా కాల్చుకుంటూ పోవడమే ఆట. పక్కన కూర్చున్న తాతకు అది మారియో తమ్ముడిలాగే కనబడేది. 2000 తరవాత నెట్ సెంటర్లు వచ్చాయి. హాల్‌టికెట్లు, రైలు టికెట్లు, ఎంసెట్ ఫలితాలు వాటి పగటి వ్యాపారం. సాయంత్రం బడి వదిలాక ‘వైస్ సిటీ’, ‘కౌంటర్ స్ట్రైక్’. వైస్ సిటీలో దారిన పోయేవాణ్ణి కారులోంచి లాగి తన్నొచ్చు, పోలీసుల్ని కాల్చొచ్చు. ‘పాంజర్’ అని టైపు చేస్తే యుద్ధట్యాంకు ఊడిపడేది. వెంటబడ్డ పోలీసులు వెనక్కి పోవాలంటే ‘లీవ్ మీ అలోన్’ అని కొట్టాలి. ఇంగ్లీషు పరీక్షలో తప్పే పిలకాయలకు ఈ రెండింటి స్పెల్లింగు మాత్రం తప్పేది కాదు.

ఈ ఆటకు కూడా అమెరికాలో ‘ఎమ్’ రేటింగే. కానీ రేటింగు పెట్టె మీద ఉంటుంది. మనకు పెట్టె రాలేదు, కాపీ కొట్టిన సీడీ వచ్చింది. దాని మీద స్కెచ్ పెన్నుతో రాసిన పేరు తప్ప ఇంకేముంటుంది? దొంగసరుకుకు వయసు ముద్ర వేయమని చట్టం ఎవర్నడగాలి?

ఇట్లాంటి చోట ప్రభుత్వం ఒక గేటు పెట్టిందంటే అది 2011లో, సైబర్ కేఫ్ నిబంధనలతో. గుర్తింపు కార్డు లేని మైనరు వెంట పెద్దవాళ్లుండాలి. కన్నవాళ్లో సంరక్షకులో తోడు లేకుండా మైనర్లను అడ్డగదుల్లో కూర్చోబెట్టకూడదు. అడ్డుగోడలు నాలుగున్నర అడుగులు దాటకూడదు, తెరలు బయటికి కనిపించాలి, ఎవరెప్పుడు కూర్చున్నారో ఏడాది పాటు లెక్క ఉంచాలి. చదివితే గేముల కోసమే రాశారా అనిపిస్తుంది. అసలు భయాలు వేరు. ఉగ్రవాదుల ఈమెయిళ్లు, అశ్లీలం. పైగా ఆలస్యం. రిజిస్టరులో పేర్లు రాయడం అలవాటయ్యేలోపు పిలకాయలు నెట్ సెంటర్ మెట్లెక్కడమే మానేశారు. 2016 సెప్టెంబరులో ఫోన్లకు చవక ఇంటర్నెట్‌తో జియో వచ్చింది. 2018 మార్చిలో పబ్‌జీ అనే తుపాకీ ఆట ఫోన్లోకి దిగింది.

మధ్యలో 2017లో, పిల్లల చేత ఆత్మహత్య చేయించే ఆటట అంటూ, బ్లూ వేల్ భయం ఒకటి నడిచింది. ఆగస్టులో కేంద్రం గూగుల్, ఫేస్‌బుక్, వాట్సాప్‌లకు ఆ ఆట లింకులు తీసేయమని రాసింది. తీసేయడానికి అక్కడ ఒక ఆట అంటూ ఉంటే గదా! దాని ఖాతాలో వేసిన మరణాల్లో ఒక్కదానికీ బ్లూ వేలే కారణమని తేలలేదని 2018 జనవరిలో ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పుకుంది.

పబ్‌జీ మాత్రం నిజంగానే ఉంది. వందమంది ఒక దీవిలో దిగి, చివరికి ఒక్కడు మిగిలేదాకా కాల్చుకోవాలి. 2019 మార్చిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్ పోలీసు కమిషనరు ఉత్తర్వుతో దాన్ని నిషేధించారు. ఆడుతున్న విద్యార్థుల్ని అరెస్టు కూడా చేశారు. కాలిఫోర్నియా చట్టంలో దోషి అమ్మేవాడు, కొన్న పిల్లవాడికి శిక్ష లేదు. ఇక్కడ అమ్మేవాడు ఎక్కడో సముద్రాల అవతల ఉన్నాడు గనక, టీ బంకు దగ్గర ఫోను పట్టుకున్న కుర్రాడు దోషి అయ్యాడు. మరుసటి నెలలో హైదరాబాదు మల్కాజిగిరిలో, పబ్‌జీ ఆడొద్దని తల్లి మందలించిందని పదో తరగతి పిల్లవాడు ప్రాణం తీసుకున్నాడు. ఆ వార్త తరవాత తెలుగిళ్లలో ఫోను లాక్కునే ముందు తల్లులు కాస్త తటపటాయించడం మొదలైంది. చట్టం చేతికి అందని చోట వాళ్లకు మిగిలింది ఆ తటపటాయింపే.

2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్‌జీని నిషేధించింది. ఐటీ చట్టం 69ఏ కింద మొత్తం 118 యాప్‌లు. కారణం హింసా కాదు, పిల్లలూ కాదు. సరిహద్దులో గల్వాన్ ఘర్షణ తరవాత చైనాతో తగువు, దేశ భద్రత. సరిగ్గా మర్నాడు, సెప్టెంబరు 3న, ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ల మీద నిషేధానికి తీర్మానించింది. ఆ నెలలోనే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరిస్తూ ఆర్డినెన్సు వచ్చింది. అక్టోబరులో ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి 132 సైట్లను, యాప్‌లను ఆపమని కేంద్రానికి లేఖ రాశారు.

పేకాట మీద మనకున్నంత చట్టపరమైన అనుభవం తుపాకీ ఆట మీద లేదు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద మొదలైన సత్యనారాయణ కేసులోనే, రమ్మీ అదృష్టం కన్నా నేర్పు మీద నడిచే ఆట అని సుప్రీంకోర్టు 1967లో తేల్చింది. యాభై ఏళ్లు ఆ ఒక్క తీర్పు నీడలోనే ముక్కలు తిరిగాయి. ఆ నీడను మొదట తెలంగాణ 2017లో తీసేసింది, తరవాత మనవాళ్లు. జూదం అనగానే మన అసెంబ్లీకి ధర్మరాజు గుర్తొస్తాడు, కళ్లముందు కూలిన కుటుంబాలు గుర్తొస్తాయి. పదకొండేళ్లవాడు రాత్రి రెండింటికి దుప్పట్లో దూరి ‘హెడ్‌షాట్’ అని గుసగుసలాడితే గుర్తు రావడానికి ఏ పర్వమూ లేదు.

పబ్‌జీ 2021 జూలైలో బీజీఎంఐ అనే కొత్త పేరుతో, కొరియా కంపెనీ క్రాఫ్టన్ చేతుల మీదుగా తిరిగొచ్చింది. ఈసారి నెత్తురు ఆకుపచ్చ. ‘చంపాడు’కు బదులు ‘ఫినిష్’. పద్దెనిమిది లోపు వాళ్లకు రోజుకు మూడు గంటలే, తల్లిదండ్రుల ఫోనుకు ఓటీపీ వస్తుంది. తండ్రి ఫోనే కొడుకు చేతిలో ఉండే ఇళ్లలో ఆ ఓటీపీ ఎవరికి వస్తుందో చెప్పాలా? 2022 జూలైలో అదీ స్టోర్ల నుంచి మాయమైంది, 2023 మేలో షరతులతో మళ్లీ వచ్చింది. చవక ఫోన్లలోనూ ఆడగలిగే ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరి 14న నిషేధించారు. అదే ఆటకు మెరుగులు దిద్దిన ఫ్రీ ఫైర్ మాక్స్ మాత్రం స్టోర్లో దర్జాగా ఉండిపోయింది. ఆ ఏడాదే హైదరాబాదు అంబర్‌పేటలో ఒక పదహారేళ్ల కుర్రాడు తల్లి ఖాతాలోంచి 36 లక్షల రూపాయలు ఫ్రీ ఫైర్‌కు పెట్టాడని పత్రికల్లో వచ్చింది.

2023 ఏప్రిల్‌లో కేంద్రం ఐటీ నిబంధనల్ని సవరించినప్పుడు, ఆటలకు వయసు రేటింగు అన్న మాట మొదటిసారి రాజపత్రంలో కనిపించింది. స్వయం నియంత్రణ సంస్థలు వచ్చి ఆ పని చేస్తాయన్నారు. ఆ సంస్థలే ఏర్పడలేదు. సినిమాకు మాత్రం అదే ఏడాది చట్టం మార్చి ఏడు, పదమూడు, పదహారు అని మెట్లు కట్టారు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చాలా గట్టిది. డబ్బు పెట్టి ఆడే ఆటలు నడిపితే మూడేళ్ల దాకా జైలు, కోటి దాకా జరిమానా. అందులో గురి డబ్బు మీదే ఉంది. తుపాకీ ఈ-స్పోర్ట్స్ జాబితాలో చేరితే ప్రోత్సాహం కూడా దొరుకుతుంది.

పెట్టె మీది ముద్ర ఇప్పుడు మన ఫోన్లోకీ వచ్చింది. ప్లేస్టోర్లో ఆట పేరు కింద 12+ అనో 16+ అనో చిన్నక్షరాల్లో ఉంటుంది. దాన్ని దాటి లోపలికి వెళ్లినందుకు ఎవరికీ శిక్ష లేదు. కొట్టు కూడా వచ్చింది. గూడూరు లాంటి ఊళ్లో ఏ రీచార్జి కొట్టు ముందైనా సాయంత్రం కాసేపు నిలబడండి. బడి సంచీ ఇంకా భుజానే ఉన్న పిలకాయ నలిగిన నోట్లు కౌంటరు మీద పెట్టి ప్లేస్టోరు కోడ్ అడుగుతాడు, ఆటలో డైమండ్లో స్కిన్లో కొనుక్కోవడానికి. కొట్టతను తన ఫోన్లోంచి కోడ్ తీసి చీటీ మీద రాసిస్తాడు. వయసెంతని అడగడు, అడగమని అతనికి ఎవరూ చెప్పలేదు. పక్కనే వేలాడే సిగరెట్ ప్యాకెట్ల కింద మాత్రం, పద్దెనిమిదేళ్ల లోపు వారికి అమ్మబడవు అని రాసున్న అట్ట ఉంటుంది.