చింతపల్లి అడవిలో నూరో సినిమా

పోయినసారి కొంచెం చిన్నదిగా రాయమని మన కార్యదర్శి గారు చెప్పారు. ప్రయత్నిస్తాను. నేను చదివింది తమిళ మీడియం, తెలుగు రాయడం నలభై దాటాక నేర్చుకున్నాను. తప్పులుంటే దిద్దండి, కోప్పడకండి.

మొన్న మా అల్లుడు ఒక జర్మన్ డైరెక్టరు గురించి చెప్పాడు. హెర్జోగ్ అని పేరు. పెరూ దేశం అడవుల్లో 300 టన్నులు దాటిన ఓడను నిజంగానే కొండ మీదికి లాగించి సినిమా తీశాడట, 1982లో వచ్చింది. "మనవాళ్ళలో ఇంత పిచ్చి ఎవరికైనా ఉందా మామా?" అన్నాడు. ఎందుకు లేదు! అల్లూరి సీతారామరాజు సినిమా తీసినవాళ్ళది ఏం తక్కువ పిచ్చి?

మన పిల్లలకు మొదట అసలు రాజు గురించి రెండు మాటలు. నేను చదివిన బడిలో కట్టబొమ్మన్ పాఠం ఉండేది (కట్టబొమ్మన్ ఇంటి భాష ఏమిటో మన సంఘంలో ఎవరికీ చెప్పక్కరలేదు). అల్లూరి పేరు మాత్రం ఒక్కసారి కూడా వినలేదు. ఆయన పుట్టింది 1897 జూలై 4న, పాండ్రంగిలో. 1882 అటవీ చట్టం వచ్చాక మన్యంలో పోడు కొట్టుకోడానికి లేదు, కట్టె కొట్టడానికి లేదు, పైగా రోడ్లు వెయ్యడానికి వెట్టి చాకిరీ. 1922 ఆగస్టులో ఆయన గాం గంటందొర, మల్లుదొర వంటివాళ్ళతో కలిసి వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకుపోయాడు. రెండేళ్ళు దొరకలేదు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర విచారణ అనేది లేకుండా కాల్చి చంపారు. అప్పుడు మన్యం కూడా మద్రాసు రాజధాని కిందే. ఆర్డర్లన్నీ మన జార్జి కోట నుంచే వెళ్ళాయి. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళు కోట స్టేషను దాటినప్పుడల్లా ఆ సంగతి గుర్తొచ్చేది.

సినిమా సంగతికి వస్తాను. ఈ కథ తియ్యాలని చాలామంది అనుకున్నారు. రామారావు గారికి ఎన్నో ఏళ్ళుగా ఆ కోరిక. నాగేశ్వరరావు గారితో తీద్దామని తాతినేని ప్రకాశరావు గారు, తర్వాత శోభన్ బాబుతో తీద్దామని డి.ఎల్. నారాయణ గారు అనుకున్నారు. ఏదీ ముందుకు సాగలేదు. కృష్ణ గారు 1968లో అసాధ్యుడు సినిమాలో చిన్న నాటకం ఘట్టంలో అల్లూరి వేషం వేశారు. దాని డైరెక్టరు వి. రామచంద్రరావు గారు. ఆ వేషం కృష్ణ గారిని వదల్లేదు.

అసలు ఈ అన్నదమ్ముల ధైర్యం ముందే తెలిసింది. పద్మాలయా వాళ్ళ మొదటి సినిమా అగ్నిపరీక్ష పోయింది. మరొకరయితే రెండోది ఒక ఇంట్లో, నాలుగు గోడల మధ్య తీసి డబ్బు రాబట్టుకుంటారు. వీళ్ళు రాజస్థాన్ ఎడారికి వెళ్ళి, గుర్రాలు, టోపీలు పెట్టి మోసగాళ్ళకు మోసగాడు తీశారు, 1971లో. తెలుగువాళ్ళు కౌబాయ్‌లు ఏమిటని నవ్వినవాళ్ళే టిక్కెట్టు కొన్నారు.

తర్వాత కృష్ణ గారికి నూరో సినిమా వచ్చింది. 1965లో తేనె మనసులు, 1974లో నూరు! ముప్పై ఏళ్ళ మనిషి. ఆ నూరోది అల్లూరి అని పట్టు పట్టారు. త్రిపురనేని మహారథి గారు రాశారు. రామచంద్రరావు గారే డైరెక్టరు. పైగా సినిమాస్కోప్ అన్నారు, తెలుగులో అంతవరకు ఎవరూ తియ్యలేదు. తమిళంలో రాజరాజ చోళన్ అంతకు ముందు ఏడాదే వచ్చింది. సినిమాస్కోప్‌లో బొమ్మను లెన్సుతో అడ్డంగా నొక్కి ఫిల్ము మీద పట్టాలి, హాలులో ఇంకో లెన్సుతో మళ్ళీ విప్పాలి. ఆ లెన్సు, వెడల్పు తెర లేని హాలులో వేస్తే మనుషులు సన్నగా, నిలువుగా సాగిపోయి కనిపిస్తారు. అంటే ఎన్ని హాళ్ళవాళ్ళు తెర మారుస్తారో తెలియకుండానే డబ్బు పెట్టారు.

1973 డిసెంబరులో చింతపల్లి వెళ్ళారు. లంబసింగి పక్కనే. ఆంధ్రాలో చలి అంటే ఆ ఊరి పేరే చెప్తారు. ఒంటి మీద కాషాయం గుడ్డతో కృష్ణ గారు అక్కడ నిలబడాలి. కెమెరా వి.ఎస్.ఆర్. స్వామి గారిది. ఇప్పటిలా పక్కన టీవీ పెట్టి చూసుకోడం లేదు. నెగటివు లాబుకు పోయి, కడిగి, ప్రింటు వేస్తే గానీ తీసింది సరిగ్గా వచ్చిందో లేదో తెలియదు. రాజు తుపాకులు పట్టుకుపోయిన ఊళ్ళోనే, ఆ కొండలే, ఆ మంచే. సెట్టు వేసి తీసి ఉంటే ఈ యాభై ఏళ్ళ తర్వాత మనం మాట్లాడుకునేవాళ్ళం కాదని నా అభిప్రాయం.

సగంలో రామచంద్రరావు గారికి జబ్బు చేసింది. సినిమా పూర్తి కాకముందే పోయారు. మిగిలింది కృష్ణ గారు తీశారు, యుద్ధం ఘట్టాలు కె.ఎస్.ఆర్. దాస్ గారు చూసుకున్నారు. కానీ టైటిల్సులో దర్శకత్వం అని రామచంద్రరావు గారి పేరే వేశారు. కృష్ణ గారు తన పేరు వేసుకోలేదు. డైరెక్టరుగా ఆయన పేరు తెర మీద పడింది 1986లో, సింహాసనం సినిమాకు.

1974 మే 1న విడుదల. రాజును చంపి యాభై ఏళ్ళు నిండడానికి ఆరు రోజులు తక్కువ. శ్రీశ్రీ గారి తెలుగు వీర లేవరా పాటకు జాతీయ అవార్డు వచ్చింది. నాకు ఒక్క కొదవ కనిపిస్తుంది. సీత ప్రేమకథ సినిమాకు కావాలి, చరిత్రకు అక్కరలేదు. గంటందొర, మల్లుదొరలకు ఆ చోటు ఇచ్చి ఉండొచ్చు. రూథర్‌ఫర్డ్‌గా జగ్గయ్య గారిని మాత్రం ఎవరూ ఏమీ అనలేరు.

రామారావు గారికీ కృష్ణ గారికీ దీనివల్ల కొన్నేళ్ళు మాటలు లేవు. అది పెద్దల గొడవ. రామారావు గారు ఆ వేషం మీద ఆశ చంపుకోలేదు, సర్దార్ పాపారాయుడులో, మేజర్ చంద్రకాంత్‌లో కాసేపైనా వేసి తృప్తి పడ్డారు. కృష్ణ గారికి కూడా ఈ సినిమా ఊరికే వదల్లేదు. దీని తర్వాత వరసగా సినిమాలు పోయాయి, జనం ఆయన్ని రాజుగా తప్ప చూడలేకపోయారు. 1976లో పాడిపంటలు వచ్చేదాకా తేరుకోలేదు.

నేను ఈ సినిమా విడుదలలో చూడలేదు. మా ఊళ్ళో రాలేదు. పన్నెండేళ్ళు పోయాక ఒక జంక్షనులో పార్సిల్ క్లార్కుగా ఉన్నాను. చేపల బుట్టలు, పేపరు కట్టలు, ఫిల్ము పెట్టెలు, ఈ మూడూ ఆగకూడదు. ఒక రాత్రి వచ్చిన రేకు పెట్టెల మీద తెలుగులో ఏదో రాసి ఉంది. నేను మా అమ్మమ్మ నేర్పిన అక్షరాలు తడుముకుంటూ 'అ, ల్లూ, రి' అని చదువుతుంటే పోర్టరు నవ్వాడు, "సార్, ఇంగ్లీషులో కిందే రాసుందే" అన్నాడు. మొత్తం పేరు చదివే కిందికి చూశాను. మర్నాడు ఆ పెట్టెలు వెళ్ళిన ఊరికే బస్సెక్కి వెళ్ళి నేల టిక్కెట్టులో చూశాను. ప్రింటు గీతలు గీతలు. ఎవరిదో పోయినవాళ్ళ పేరు డైరెక్టరుగా పడిందని అప్పుడు నాకు తెలియదు. తెలిశాక మళ్ళీ చూశాను, ఈసారి ఆ ఒక్క కార్డు దగ్గర ఆపి మనవడికి చూపించాను.

చలికాలంలో చింతపల్లి, కృష్ణదేవిపేట వెళ్ళాలని ఉంది. రాజు సమాధి కృష్ణదేవిపేటలోనే. మద్రాసు నుంచి హౌరా లైనులో వెళ్ళి నర్సీపట్నం రోడ్ స్టేషనులో దిగాలి, అన్ని బండ్లూ అక్కడ ఆగవు. వస్తామనేవాళ్ళు నాకు ఫోను చెయ్యండి. నాకు పాసు ఉంది, మీరు టిక్కెట్టు కొనుక్కోవాలి. స్వెట్టరు మరవకండి.