హెచ్చరికను నమ్మిన సీమ

1864 నవంబరు 1 రాత్రి సముద్రం బందరు మీదికి వచ్చింది. మామూలు పోటు కంటే 13 అడుగులు ఎత్తున లేచిన నీరు కొన్నిచోట్ల 17 మైళ్ల దాకా లోపలికి పోయింది. దాదాపు 30 వేల మంది చనిపోయారు. ఆ తర్వాత గడిచిన 113 ఏళ్లు, ఒక జ్ఞాపకం నిలవడానికి మరీ ఎక్కువ కాలం.

1977 నవంబరు 19 శనివారం. తుపాను వస్తోందని రేడియో చెప్పింది. తీరంలో అది ఏటా వినే మాటే. తుపానంటే గాలీ వానా అనుకున్న, కృష్ణా డెల్టాలోని దివిసీమ మీదికి దాదాపు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన విరుచుకుపడింది. తాడిచెట్లను, ముళ్లచెట్లను కరచుకున్న కొందరు బతికారు. 10 వేలమందికి పైగా పోయారు. హెచ్చరికలోని మాట వినేవాళ్ల కళ్లకు కట్టలేదు. ఆనాటి అసలు లోపం అదేనని నా అభిప్రాయం.

అప్పుడు ఢిల్లీలో జనతా ప్రభుత్వం, హైదరాబాదులో జలగం వెంగళరావు కాంగ్రెస్ ప్రభుత్వం. ఆ ఏడాది మార్చిలోనే రాష్ట్రంలోని 42 లోక్‌సభ స్థానాల్లో కాంగ్రెస్ 41 గెలిచింది. అంతటి వైరంలోనూ దివిసీమలో సాయం రంగులు చూసుకోలేదు. ఆరెస్సెస్ దీనదయాళ్‌పురం అనే ఊరు కట్టింది. విజయవాడ నాస్తిక కేంద్రం కార్యకర్తలూ అదే నేల మీద పనిచేశారు. గుడివాడ ప్రాంతంలో పుట్టిన సినీనటులు ఎన్టీఆర్, ఏఎన్నార్ జోలె పట్టి విరాళాలు పోగుచేశారు. అప్పటి రాష్ట్రమంత్రి మండలి వెంకట కృష్ణారావు సొంత సీమ పునర్నిర్మాణానికి అంకితమయ్యారు.

1990 మే 9న మళ్లీ పెనుతుపాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. రాష్ట్రంలో చెన్నారెడ్డి కాంగ్రెస్ ప్రభుత్వం. కేంద్రంలో నేషనల్ ఫ్రంట్, దాని అధ్యక్షుడు ఎన్టీఆర్. ఈసారీ వైరమే, అయినా లక్షన్నర మందికి పైగా ముందే ఇళ్లు వదిలి కదిలారు. మృతుల సంఖ్య వెయ్యి లోపే ఆగింది. స్తంభాల మీద కట్టిన తుపాను షెల్టర్లు, మెరుగైన హెచ్చరిక ఏర్పాట్లు ఇందుకు తోడ్పడ్డాయి. కానీ ఊరు ఖాళీ చేయించింది ‘ఉప్పెన’ అన్న ఒక్క మాట. ఏ పార్టీవాడు పలికినా దానికి ఒకటే అర్థం.

వాతావరణ మార్పు అన్న మాటకు ఇక్కడ ఇంకా ఆ బలం రాలేదు. పోటు రోజుల్లో మురుగు కాలువల్లోకి ఉప్పునీరు ఎగదన్నడం, చౌడెక్కే పొలం, వీటికి తోడు ఎగువ ఆనకట్టల వెనుక ఆగిపోయే ఒండ్రు, కోతపడే తీరం ఒక్కరాత్రిలో కనిపించేవి కావు. గుడివాడ వైపు శివారు భూముల రైతుకు కాలువ నీళ్ల దిగులు. దివిసీమలోని నాగాయలంక రైతుకు కరకట్ట దిగులు. ఇద్దరూ వేర్వేరు జెండాల కింద ఉండవచ్చు, వాళ్ల కింది నేల మాత్రం ఒకే డెల్టా. వాళ్లతో మాట్లాడేవారు లోకమంతటి ఉష్ణోగ్రతతో కాక, వాళ్ల బావినీళ్ల రుచితో మొదలుపెట్టాలి.

ఏటా నవంబరు 19న దివిసీమలో మృతులకు నివాళులర్పిస్తారు. ఆ వేదిక మీద అన్ని పార్టీలవారికీ ఒక విన్నపం: పోయినవాళ్ల లెక్కతోపాటు, ఆ ఏడాది ఊరి బావుల్లో ఉప్పు ఎంత పెరిగిందో, తీరం ఎంత కోతపడిందో కూడా చదివి వినిపించండి.